బీము జాయింటుకూ తనిఖీ నివేదికలో చోటివ్వండి

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ఫ్యాక్టరీల శాఖల డైరెక్టర్లకు,



హాయిస్టులు బిగించడం, బాగుచేయడం నా వృత్తి. గాజువాక ఆటోనగర్‌లోని చిన్న షెడ్ల నుంచి జీడిమెట్ల, పటాన్‌చెరు, పరవాడ ఫ్యాక్టరీల దాకా పైకప్పు కింద వేలాడే ఐ-బీముల పక్కనే నా పని సాగింది. ఆ అనుభవంతో ఒక్క విషయం మీ దృష్టికి తేవాలని ఈ ఉత్తరం రాస్తున్నాను. హాయిస్టు ట్రాలీ నడిచే బీముల జాయింట్లను చాలాచోట్ల ఎవరూ పరీక్షించడం లేదు. తేడా కనిపించినప్పుడు సరిచేస్తున్న తీరు కూడా తప్పుగానే ఉంటోంది. చేతిలో ఉన్న వెల్డింగు మెషీనుతో, సుత్తితో పని కానిచ్చేస్తున్నారు. దానివల్ల ఉన్న లోపం పోదు, పైగా కంటికి కనపడకుండా పోతుంది.

మీకు తెలిసినదే అయినా ఈ ఉత్తరం చదివే మిగతావాళ్ల కోసం రెండు మాటలు. మోనోరైలు అంటే షెడ్డు కప్పు కింద బిగించిన ఒకే ఒక ఐ-బీము. దాని కింది ఫ్లాంజిని, అంటే అడుగు పలకను, రెండు వైపుల నుంచి పట్టుకుని నాలుగు చక్రాల ట్రాలీ నడుస్తుంది. ట్రాలీకి చైన్ బ్లాకో, కరెంటు హాయిస్టో వేలాడుతుంది. మోటారో, గేర్‌బాక్సో, మూసో, రసాయనం డ్రమ్మో కొక్కేనికి తగిలించి షెడ్డులో ఈ చివర నుంచి ఆ చివరకు తోసుకుపోతారు. రెండు పట్టాల మీద నడిచే పెద్ద క్రేనుకు దక్కే శ్రద్ధ దీనికి దక్కదు. దీన్ని యంత్రం అని కూడా చాలామంది అనుకోరు, బిల్డింగులో ఒక దూలం కింద లెక్కేస్తారు. బీములు మామూలుగా 12 మీటర్ల పొడవు దాకా దొరుకుతాయి. లైను అంతకంటే పొడవైతే జాయింటు తప్పదు. ఆ జాయింటు దగ్గర రెండు బీముల చివర్లూ ఒకే మట్టంలో, ఒకే గీతలో కలవాలి.

కలవకపోతే ఏమవుతుందో లెక్కతో చెబుతాను. ఒక టన్ను బరువు, 100 మి.మీ. వ్యాసం చక్రాలున్న ట్రాలీ తీసుకుందాం. చదునైన బీము మీద దాన్ని నడిపించడానికి పదిహేను, ఇరవై కిలోల తోపు సరిపోతుంది. జాయింటు దగ్గర అవతలి బీము 2 మి.మీ. ఎత్తుగా ఉందనుకోండి. ముందు చక్రాలు రెండూ ఆ మెట్టుకు తగిలి ఆగిపోతాయి. వాటి మీద సగం బరువు, అంటే 500 కిలోలు ఉంటుంది. ఆగిన చోటు నుంచి ఆ మెట్టు ఎక్కించాలంటే సుమారు 145 కిలోల తోపు కావాలి. 2 మి.మీ. అంటే రెండు రూపాయి నాణేలు ఒకదాని మీద ఒకటి పెట్టినంత కూడా ఉండదు. కింద నిలబడి చూసేవాడికి అది కనిపించనే కనిపించదు.

145 కిలోల తోపు ఒక మనిషి వల్ల కాదు. అందుకని అతను ఏం చేస్తాడు? జాయింటుకు కొంచెం ముందు నుంచే ఊపు అందుకుంటాడు. ఆ ఊపులో చక్రాలు మెట్టు దాటితే సరే. దాటకపోతే ట్రాలీ ఆగుతుంది గానీ కింద వేలాడే సరుకు ఆగదు. రెండు మీటర్ల గొలుసుకు వేలాడుతూ సెకనుకు మీటరు వేగంతో, అంటే నెమ్మదైన నడక వేగంతో వస్తున్న సరుకు ట్రాలీ ఒక్కసారిగా ఆగినప్పుడు దాదాపు 45 సెంటీమీటర్లు ముందుకు ఊగుతుంది. వెనక్కి కూడా అంతే వస్తుంది. వెనక్కి వచ్చేచోట తోసిన మనిషే నిలబడి ఉంటాడు.

కొన్నిచోట్ల ఇంకో అలవాటు చూశాను. ట్రాలీ జాయింటు దగ్గర మొరాయిస్తే ఒకరు ఎదురుగా వెళ్లి సరుకుకు తాడు కట్టి ఏటవాలుగా లాగుతారు. హాయిస్టు నిట్టనిలువుగా లాగడానికి తయారైంది. పక్క లాగుడు పడితే వైరు రోప్ డ్రమ్ము గాడిలోంచి తప్పుతుంది, చైన్ గైడు అరుగుతుంది, ట్రాలీ చక్రాలు ఒకవైపు ఫ్లాంజి అంచుకు వచ్చేస్తాయి. ఈ అలవాట్లను క్రమశిక్షణ లేకపోవడం కింద రాసి, కార్మికుడికి మెమో ఇచ్చిన సందర్భాలు నాకు తెలుసు. ఆ మెమో అన్యాయం. అతను బీములోని లోపాన్ని తన ఒంటితో సర్దుతున్నాడు. సరిచేయాల్సింది బీమును.

చట్టం ఈ విషయంలో స్పష్టంగానే ఉంది. 1948 ఫ్యాక్టరీల చట్టం 29వ సెక్షన్ ఎత్తే యంత్రాల గురించి చెప్పింది. ఎత్తే యంత్రం అంటే ఏమిటో ఆ సెక్షనే వివరించింది. క్రేను, వించి, పుల్లీ బ్లాకులతో పాటు రన్‌వేను, అంటే ట్రాలీ నడిచే దారిని కూడా అందులో చేర్చింది. స్థిరంగా ఉన్నదైనా, కదిలేదైనా ప్రతి భాగమూ లోపం లేకుండా ఉండాలంది. కనీసం 12 నెలలకు ఒకసారి సమర్థుడైన వ్యక్తి దాన్ని క్షుణ్ణంగా పరీక్షించాలంది. బీము బిల్డింగులో భాగం, మాకు సంబంధం లేదు అనడానికి ఆ సెక్షన్ చోటివ్వలేదు. ఆ చట్టాన్ని 2020లో పార్లమెంటు ఆమోదించిన వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్‌లో కలిపారు. చట్టం పేరు మారినా ఈ బాధ్యత సడలకూడదు. పాత ఫారాల స్థానంలో కొత్తవి కూర్చుకునే సమయం కాబట్టే ఇప్పుడు ఈ మాట చెబుతున్నాను.

ఆచరణ ఎలా ఉందంటే, నా చేతికి వచ్చిన వార్షిక పరీక్ష నివేదికల్లో కొక్కెం గురించి ఉంటుంది, చైను అరుగుదల ఉంటుంది, బ్రేకు, లిమిట్ స్విచ్, లోడ్ టెస్టు ఉంటాయి. బీము గురించి ఉంటే ‘సంతృప్తికరం’ అనే ఒక్క మాట ఉంటుంది, చాలాసార్లు అది కూడా ఉండదు. లోడ్ టెస్టు కూడా హాయిస్టు ఎక్కడ నిలబడి ఉంటే అక్కడే చేస్తారు. బరువు పైకి లేపి, కాసేపు ఉంచి, దించేస్తారు. ఆ బరువుతో ట్రాలీని జాయింట్ల మీదుగా నడిపించరు. మొత్తం లైనులో అన్నిటికంటే బలహీనమైన చోటు జాయింటే అయినప్పుడు దాన్ని వదిలేసి చేసిన టెస్టుకు విలువ ఎంత?

బలహీనం అని ఎందుకు అంటున్నానో చెప్పాలి. చక్రం బరువు కింది ఫ్లాంజి అంచును కిందికి వంచుతుంది. బీము మధ్యలో అయితే చక్రానికి రెండు పక్కలా ఉన్న ఫ్లాంజి ఆ బరువును పంచుకుంటుంది. బీము చివర ఆ సాయం ఒక పక్క నుంచే అందుతుంది. అందువల్ల అక్కడ ఫ్లాంజి తట్టుకునే శక్తి దాదాపు సగానికి పడిపోతుంది. దానికి మెట్టు దెబ్బ కూడా తోడైతే ఏళ్ల తరబడి వాడాక ఫ్లాంజి పెదవి కిందికి వాలుతుంది. వాలినకొద్దీ మెట్టు పెరుగుతుంది, మెట్టు పెరిగినకొద్దీ దెబ్బ పెరుగుతుంది.

తప్పుడు మరమ్మతు ఎలా ఉంటుందో ఒక చోట చూసినది చూసినట్టు రాస్తాను. పేరు అవసరం లేదు. స్కాఫోల్డింగు ఎక్కి, ఫ్లాంజి మీది జిడ్డును కిరసనాయిలు గుడ్డతో తుడిపించాను. జాయింటుకు ఒక పక్క చక్రం నడిచే ముఖం మీద వెల్డింగు పూసలు వరసగా పోసి, గ్రైండరుతో వాలుగా రుద్ది ఉన్నాయి. దూరం నుంచి నున్నగా, వెండిలా మెరుస్తోంది. మీటరు పొడవు స్ట్రెయిట్ ఎడ్జ్ పెడితే మధ్యలో వెల్డింగు గడ్డ ఉంది, దాని పక్కనే గ్రైండింగు గుంట ఉంది. ఎడమ ముఖం మీద మెట్టు తగ్గింది. కుడి ముఖం మీద ఎప్పటి మెట్టు అప్పటిలాగే ఉంది. ఎందుకంటే వెల్డరుకు నిచ్చెన మీద నుంచి అందినది ఎడమ వైపే. డై పెనట్రెంట్ ఎర్ర రంగు పూసి, తుడిచి, తెల్ల డెవలపర్ కొట్టగానే పూస చివర నుంచి ఫ్లాంజి లోపలికి వెంట్రుకంత ఎర్ర గీత పైకి తేలింది. అది పగులు. బీము చివర, బరువు వంచే చోట, లాగుడు పడే ముఖం మీద మొదలైన పగులు. మరమ్మతు చేయించకముందు అక్కడ ఉన్నది మెట్టు ఒక్కటే.

ఆ వెల్డరును నేను తప్పుపట్టను. అతనికి ‘అక్కడ ట్రాలీ కొట్టుకుంటోంది, రుద్దెయ్’ అన్నవాళ్లే తప్ప ఎందుకు కొట్టుకుంటోందో చూడమన్నవాళ్లు లేరు. మెట్టు ఎలా వచ్చిందో తెలియకుండా దాన్ని చెరిపేయడానికి ఎవరు పూనుకున్నా ఇలాగే అవుతుంది.

కాబట్టి సరిచేయడం కొలతతో మొదలవ్వాలి. హాయిస్టు ఆపి, మెయిన్ స్విచ్ తీసి తాళం వేసి, బోర్డు పెట్టాక స్ట్రెయిట్ ఎడ్జ్‌ను చక్రం నడిచే ముఖం మీద, అంటే కింది ఫ్లాంజి పై ముఖం మీద, జాయింటుకు అడ్డంగా పెట్టాలి. ఫీలర్ గేజితో సందు కొలవాలి. ఎడమ ముఖం వేరు, కుడి ముఖం వేరు. రెండు వైపులా తేడా ఒకేలా ఉంటే ఒక బీము కిందికో పైకో ఉన్నట్టు. రెండు వైపులా వేర్వేరుగా ఉంటే బీము మెలి తిరిగినట్టో, ఒక పెదవి వాలినట్టో అర్థం. ఫ్లాంజి అంచుల వెంబడి సన్నటి తీగ లాగి పక్కకు ఎంత తప్పిందో చూడాలి. రెండు చివర్ల మధ్య ఖాళీ ఎంతో రాసుకోవాలి.

ఇక్కడితో ఆపితే సగం పనే అయినట్టు. తరవాత జాయింటుకు ఒక పక్క బరువుతో ట్రాలీని నిలిపి మళ్లీ కొలవాలి. ఇంకో పక్కకు మార్చి ఇంకోసారి కొలవాలి. సరుకు కింద ఎవరూ లేకుండా, నేలకు జానెడు ఎత్తులోనే బరువును ఉంచి, ఇది చేయవచ్చు. ఖాళీగా ఉన్నప్పుడు ఏ తేడా లేని జాయింటు బరువు పడగానే మెట్టుగా మారడం నేను చాలాసార్లు చూశాను. దానికి కారణం సాధారణంగా వెబ్బు, అంటే బీము నిలువు పలక, మీది జాయింటు ప్లేట్లలో ఉంటుంది. 16 మి.మీ. బోల్టుకు 18 మి.మీ. రంధ్రం వేస్తారు, అది నియమం ప్రకారమే. కానీ మామూలు బోల్టు బిగువు సడలితే ఆ 2 మి.మీ. ఖాళీలో బీము జారుతుంది. బరువు ఎడమన ఉంటే ఎడమ బీము దిగుతుంది, కుడికి వెళ్తే కుడి బీము దిగుతుంది. అలాంటి జాయింటును గ్రైండరుతో ఎన్నిసార్లు రుద్దినా ఫలితం ఉండదు. బోల్టులు విప్పి, జాకీతో రెండు చివర్లనూ ఒకే మట్టానికి తెచ్చి, రంధ్రాలను రీమర్‌తో సరిచేసి, రంధ్రానికి సరిగ్గా పట్టే ఫిట్టెడ్ బోల్టులు వేయాలి. లేదా ఘర్షణతో పట్టి ఉంచే హై టెన్సైల్ బోల్టులను నిర్దేశించిన బిగువుకు బిగించాలి.

జాయింటు ఎక్కడ ఉందన్నది కూడా చూడాలి. రెండు ఆధారాల నడిమధ్య జాయింటు పెడితే బీము వంపు మొత్తం అక్కడే విరుపులా కనిపిస్తుంది. హ్యాంగరుకు, అంటే బీమును వేలాడదీసే ఆధారానికి, దగ్గరలో పెడితే ఈ బాధ ఉండదు. నడిమధ్య జాయింటు ఉన్న పాత లైనులో నేనైతే అక్కడ అదనపు హ్యాంగరు ఇవ్వడానికే మొగ్గుతాను. పైన ఉన్న ట్రస్సు ఆ బరువు మోస్తుందా లేదా అన్నది స్ట్రక్చరల్ ఇంజనీరు చేత లెక్క కట్టించాకే సుమా.

ఎక్కువ మెట్లకు మూలం ఆధారాల దగ్గరే ఉంటుంది. ఒక బ్రాకెట్టు దిగిపోయి ఉంటుంది, ఒక హ్యాంగర్ రాడ్డు నట్టు వదులై ఉంటుంది, షెడ్డు స్తంభం కుంగి ఉంటుంది. అప్పుడు మందు కూడా అక్కడే వేయాలి. బీము బరువును జాకీ మీదికి తీసుకుని, క్లాంపు బోల్టులు వదులు చేసి, నడిచే ముఖం మట్టానికి వచ్చేదాకా ఎత్తి, ఆ ఖాళీలో షిమ్ వేసి మళ్లీ బిగించాలి. షిమ్ అంటే పూర్తిగా ఆనే స్టీలు ప్లేటు. మడత పెట్టిన రేకు ముక్కలు, వాషర్ల దొంతర, చెక్క పేడు షిమ్ కిందికి రావు. అవి నలుగుతాయి, జారి కింద పడతాయి. వేసిన షిమ్ కదలకుండా బోల్టు దాని గుండా పోవాలి, లేదా దాన్ని పట్టి ఉంచే ఏర్పాటు ఉండాలి. రాడ్డుకు లాక్ నట్టు తప్పనిసరి.

ఇందులో ఫిట్టర్లకు తరచుగా ఎదురయ్యే చిక్కు ఒకటుంది. ఒకే సైజు బీములు రెండు తెచ్చినా వాటి ఎత్తు అచ్చంగా ఒకటే ఉండదు. రోలింగు మిల్లులో వచ్చే చిన్న తేడాలను ప్రమాణాలే అనుమతిస్తాయి. పై ఫ్లాంజిలను సమానం చేసి బిగిస్తే ఆ తేడా మొత్తం కిందికి, చక్రం నడిచే చోటికి వచ్చి చేరుతుంది. సమానం చేయాల్సింది కింది ఫ్లాంజి పై ముఖాన్ని. పైన వచ్చే తేడాను షిమ్ తీసుకుంటుంది. కొత్త లైను వేసేటప్పుడు బీములను నేల మీదే చివర్లు కలిపి చూసి, బాగా కలిసే చివర్లకు జతగా గుర్తులు కొట్టి పైకి ఎత్తితే సగం బాధ తప్పుతుంది. ఈ చిన్న పని చేయించే కాంట్రాక్టరు మాత్రం అరుదు.

ఈ మధ్య ఇంకో రకం జాయింటు కనిపిస్తోంది, అది నాకు నిజంగా భయం కలిగిస్తోంది. పాత షెడ్డును పొడిగించినప్పుడు పాత బీముకు కొత్త బీము అతుకుతారు. పాతది ఐఎస్ఎంబీ రకం, దాని ఫ్లాంజి లోపలి ముఖం వాలుగా ఉంటుంది. వెబ్బుకూ ఆ ముఖానికీ మధ్య కోణం 98 డిగ్రీలు. కొత్తగా మార్కెట్లో దొరికే సమాంతర ఫ్లాంజి బీములో ఆ వాలు ఉండదు. కొన్ని సైజుల్లో రెండిటి ఎత్తు, వెడల్పు ఒకటే కనుక దుకాణంవాళ్లు ఒకటే అని ఇచ్చేస్తారు. బయటి అంచు దగ్గర రెండూ కలిసినట్టే కనిపిస్తాయి. అంచు నుంచి 40 మి.మీ. లోపలికి వెళ్లేసరికి 5 మి.మీ. పైగా తేడా వస్తుంది. వాలు ఫ్లాంజికి తయారైన కోను చక్రం చదును ఫ్లాంజి మీదికి రాగానే ఒక అంచు మీదే నిలబడుతుంది. మొత్తం బరువు గీతంత వెడల్పు మీద పడుతుంది. ఈ జాయింటును ఏ షిమ్మూ, ఏ గ్రైండరూ సరిచేయలేదు. పాత రకం బీమే తెచ్చి వేయాలి, లేకపోతే లైనూ ట్రాలీ చక్రాలూ మొత్తం ఒకే రకానికి మార్చాలి. ఇటువంటి జాయింటు కనిపించిన రోజే ఆ లైను ఆపించే అధికారం మీ ఇన్‌స్పెక్టర్లు వాడాలని నా విన్నపం.

మరి జాయింటును పూర్తిగా వెల్డు చేయకూడదా అని అడుగుతారు. చేయవచ్చు. కింది ఫ్లాంజి మందం మొత్తం కలిసేలా, అంచుల దగ్గర లోపం రాకుండా అదనపు ముక్కలు పెట్టి, పొయ్యిలో ఎండబెట్టిన లో-హైడ్రోజన్ రాడ్లతో, అర్హత పరీక్ష పాసైన వెల్డరు చేత చేయించాలి. తరవాత చక్రం నడిచే దిశలోనే రుద్ది సమం చేయాలి. అల్ట్రాసోనిక్ పరీక్ష చేయించాలి. ఇదంతా ముందుగా మట్టం కుదిరాకే. మట్టం కుదరని బీములను వెల్డింగుతో కలిపేస్తే ఆ తేడా శాశ్వతమవుతుంది. ఇంకో సంగతి, వెల్డింగు ఎర్తు క్లాంపును పని జరిగే బీముకే తగిలించాలి. ఎక్కడో కింద యంత్రానికి తగిలిస్తే కరెంటు ట్రాలీ బేరింగుల గుండా, హాయిస్టు చైను గుండా పోతుంది. చైను కడియాల మధ్య రవ్వలు పుట్టి అది లోలోపల దెబ్బతింటుంది. హాయిస్టును ఆ దరిదాపుల్లో లేకుండా తీసేయడమే మేలు. ద్రావణాలు వాడే మందుల ఫ్యాక్టరీల్లో అయితే రవ్వ లేచే పని ఏదైనా హాట్ వర్క్ పర్మిట్ లేకుండా తలపెట్టకూడదు. అక్కడ బోల్టులతో, షిమ్ములతో సరిచేసే దారే మొదట ఆలోచించాలి.

గ్యాస్ టార్చితో ఫ్లాంజిని ఎర్రగా కాల్చి సుత్తితో కొట్టి పైకి లేపడం కూడా జరుగుతోంది. వాలిపోయిన పెదవి మళ్లీ నిటారుగా కనిపిస్తుంది, దాని బలం మాత్రం తిరిగి రాదు. పెదవి వాలిందంటే ఆ బీము ఇక చాలు అని చెప్పినట్టు. ఆధారం నుంచి ఆధారం దాకా ఆ ముక్క మార్చాలి. అది ఎందుకు వాలిందో, ఎత్తాల్సిన దానికంటే ఎక్కువ ఎత్తారేమో కూడా విచారించాలి.

మన ఎండల సంగతి మరవకూడదు. రేకు షెడ్డులో కప్పు కింద తెల్లవారుజాము చలికీ మే నెల మధ్యాహ్నానికీ మధ్య 30 డిగ్రీల తేడా సులువుగా వస్తుంది. ఆ తేడాకు 30 మీటర్ల స్టీలు బీము దాదాపు 11 మి.మీ. సాగుతుంది. ఆ సాగుడుకు ఎక్కడో ఒకచోట వీలు ఇవ్వకపోతే బీము పక్కకు వంగుతుంది, లేదా బ్రాకెట్టును నెడుతుంది. అందుకని పొడవైన లైనులో ఒక జాయింటును కావాలనే కొంచెం ఖాళీగా వదిలి, బీము చివర్లను ఏటవాలుగా కోస్తారు. అలా కోసినప్పుడు చక్రం వెడల్పు మొత్తం ఒకేసారి ఖాళీలో పడదు. ఆ ఖాళీని చూసి లోపం అనుకుని వెల్డింగుతో పూడ్చేసినవాళ్లనూ చూశాను. వేసవిలో కొలిచారా, చలికాలంలో కొలిచారా అన్నది కూడా అందుకే నివేదికలో ఉండాలి.

ఎంత తేడా వరకు ఒప్పుకోవచ్చు? తయారీదారు మాన్యువల్‌లో హద్దు రాసి ఉంటే అదే ప్రమాణం. లేనిచోట నేను పెట్టుకున్న హద్దు చెబుతాను. చేత్తో తోసే ట్రాలీకి మెట్టు అర మిల్లీమీటరు మించకూడదు, సాగుడు కోసం కావాలని వదిలిన జాయింటులో తప్ప చివర్ల మధ్య ఖాళీ 2 మి.మీ. మించకూడదు. అర మిల్లీమీటరు లోపు మిగిలిన తేడానే సన్నటి ఫైలుతో, పొడవైన వాలుగా సర్దడానికి ఒప్పుకుంటాను. అంతకు మించితే బీము కదలాల్సిందే. పని అయ్యాక ఖాళీ ట్రాలీతో, ఆ తరవాత పూర్తి బరువుతో జాయింటు మీదుగా రెండు దిశల్లోనూ నడిపించాలి. చివరికి సమర్థుడైన వ్యక్తి ఎదుట 1.25 రెట్ల బరువుతో పరీక్షించాలి. నెల తిరిగాక బోల్టుల బిగువు మళ్లీ చూడాలి, ఎందుకంటే కొత్త షిమ్ములు సర్దుకుంటాయి.

ఇప్పుడు మీ శాఖలను నేను కోరేది చెబుతాను. ఎత్తే యంత్రాల పరీక్ష నివేదికలో బీముకు ప్రత్యేకంగా ఒక పేజీ చేర్చండి. ప్రతి జాయింటుకూ ఒక నంబరు ఉండాలి. ఎడమ మెట్టు, కుడి మెట్టు, ఖాళీ, పక్క తేడా, బోల్టుల స్థితి అంకెల్లో రాయాలి. ఖాళీగా ఒకసారి, బరువుతో ఒకసారి కొలిచినట్టు కనపడాలి. ‘సంతృప్తికరం’ అనే మాటను ఆ పేజీలో ఒప్పుకోవద్దు. లోడ్ టెస్టు బరువును ప్రతి జాయింటు మీదుగా నడిపించాలని నియమం పెట్టండి. జాయింటుకు వెల్డింగు చేసినా, బీము ముక్క మార్చినా, లైను పొడిగించినా దాన్ని కొత్త యంత్రంగా లెక్కించి మళ్లీ పరీక్షించాకే వాడనివ్వండి.

చిన్న యూనిట్ల యజమానులను భయపెట్టి ఈ పని చేయించలేం. వాళ్లలో చాలామందికి ఈ బీము కూడా చట్టం పరిధిలోకి వస్తుందని తెలియదు. ఆటోనగర్లలో, పారిశ్రామికవాడల్లో కొంత గడువు ఇచ్చి, ఆ గడువులో తామే కొలిపించుకుని చెప్పినవాళ్ల మీద కేసు పెట్టబోమని ప్రకటించండి. ఒక స్ట్రెయిట్ ఎడ్జ్, ఒక ఫీలర్ గేజి, కొన్ని స్టీలు ప్లేట్లు, ఒక జాకీ, ఒక పూట పని ఆపడం, చాలా జాయింట్లకు అయ్యే ఖర్చు ఇంతే. ఒక ట్రాలీ చక్రాల జత అరిగి మార్చే ఖర్చుతో పోల్చినా ఇది ఎక్కువ కాదు. ఐటీఐల్లో ఫిట్టరు, వెల్డరు చదివే పిల్లలకు ఈ కొలత ఒక్క రోజు ప్రాక్టికల్‌గా పెట్టించమని ఉపాధి, శిక్షణ శాఖకు మీరు రాస్తే మీ మాటకు బరువుంటుంది. రేపు ఆ బీము కింద పని చేసేది వాళ్లే.

యజమానులకు కూడా ఈ ఉత్తరం ద్వారా ఒక మాట. మీ షెడ్డులో ట్రాలీ ఎక్కడ టక్కుమంటుందో మీ కార్మికులకు తెలుసు. అడిగితే చోటు చూపిస్తారు. అక్కడ బీము కింద నేల మీద సన్నటి ఇనుప పొడి రాలి ఉంటుంది, చక్రం అంచు చిట్లి ఉంటుంది. రేపు ఉదయం షిఫ్టు మొదలయ్యే ముందు వాళ్లను అడగండి. ఆ చోటు కొలిపించేదాకా ఆ జాయింటు మీదుగా బరువు పంపకండి.

డైరెక్టర్ గార్లూ, మీరు పిలిస్తే స్ట్రెయిట్ ఎడ్జ్ పట్టుకుని వచ్చి మీ ఇన్‌స్పెక్టర్లకు ఏ షెడ్డులోనైనా ఈ కొలత చూపించడానికి నేనూ, నాలాంటి పాత ఫిట్టర్లూ సిద్ధంగా ఉన్నాం. కొత్త ఫారాలు అచ్చుకు వెళ్లకముందే బీము పేజీని అందులో చేర్చమని మరోసారి కోరుతున్నాను.

ఇట్లు,
హాయిస్టుల ఎరెక్షన్, మరమ్మతుల్లో పని చేసిన ఒక ఇంజనీరు